పెళ్ళి ప్యాంటు

దర్జీ అక్క ఎవరి నడుము కొలతా పైకి చెప్పదు. ఆ వీధిలో ఆవిడకున్న మంచి పేరంతా ఆ ఒక్క అలవాటు మీదే నిలబడింది. మిగతా దర్జీలు టేపు చుట్టి, అంకెను వీధి చివరిదాకా వినపడేలా అరుస్తారు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఆ అంకెను ఇంటికి మోసుకుపోయి, అన్నం తింటూ కూడా దాని గురించే మాట్లాడుకుంటారు. దర్జీ అక్క అలా కాదు. టేపు బిగించి, బొటనవేలి గోరుతో అంకెను నొక్కిపట్టి, ఒక్క చూపు చూసి వదిలేస్తుంది. "ఎంతొచ్చిందక్కా?" అని అడిగితే "నీకు సరిపోయేటంత" అంటుంది. అందుకే లావెక్కినవాళ్ళంతా వెతుక్కుంటూ ఆవిడ దగ్గరికే వస్తారు. కష్టపడి సన్నబడ్డవాళ్ళు మాత్రం ఆ మాట విని కాస్త చిన్నబుచ్చుకుని పోతారు, పాపం.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన మిషను, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల, గోడకి నిలువుటద్దం, దాని పక్కన లోపలిగదికి దారితీసే తెర. నేల మీద ఎంత ఊడ్చినా ఎక్కడో ఒకచోట ఒక గుండుసూది దొరుకుతూనే ఉంటుంది.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. చాలా మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయడం నయం, ఎందుకంటే ఆయన చేసే పనులు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పొద్దున సీట్లో కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు. బస్సు ఈ చివర ఆగితే ఒక టీ, ఆ చివర ఆగితే ఒక టీ, ప్రతి గ్లాసులోనూ చెంచా నిలబడేంత పంచదార. టీకి ముందొక సిగరెట్టు, తర్వాతొకటి. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, రుచి చూడకుండానే ఉప్పు డబ్బా అందుకుంటాడు. నడక అంటారా, మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బస్సు దాకా. ఇంత చేసినా తన ఒంటి మీద ఆయనకి అంతులేని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం పెళ్ళి ప్యాంటు.

ముదురు నీలం రంగు మందపాటి గుడ్డ. పెళ్ళికి ముందు ఆ ప్యాంటు కుట్టింది ఆవిడే, వాళ్ళ నాన్న కొట్లో పని నేర్చుకుంటున్న రోజుల్లో. "లోపల గుడ్డ బాగా వదులమ్మా, అల్లుళ్ళు ఎప్పటికీ అలా సన్నగానే ఉండిపోరు" అని నాన్న నవ్వితే, ఆవిడ సిగ్గుపడుతూ వెనక కుట్టులోనూ రెండు పక్కలా కూడా ధారాళంగా వదిలింది. ఏటా పెళ్ళిరోజున ఆయన ఆ ప్యాంటు తొడిగి, గుండీ పెట్టి, తెర పక్కకి లాగి కొట్లోకి వచ్చి నిలబడేవాడు. దర్జీ పని తెలిసిన భార్యని మాస్టారూ అనే పిలిచేవాడు. "చూశావా మాస్టారూ! ముప్పై రెండు! అప్పుడూ ముప్పై రెండే, ఇప్పుడూ ముప్పై రెండే!" బేరానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ఆవిడ దారం కొరుక్కుంటూ నవ్వేది.

ఆ నవ్వు వెనక ఉన్న సంగతి ఒక్క ఆవిడకే తెలుసు. ఆ ప్యాంటు ముప్పై రెండు దాటి చాలా ఏళ్ళయింది.

ఆ కుట్లు మొదటిసారి విప్పింది అత్తగారు పోయిన ఏడాది. తల్లి పోయాక ఆయన నవ్వడం మానేశాడు. అడిగినా అడక్కపోయినా డబుల్ డ్యూటీలు చేసి, అర్థంపర్థం లేకుండా తినేవాడు. పెళ్ళిరోజున ప్యాంటు గుండీ పట్టక, మంచం అంచున కూలబడి "ఇది కూడానా" అన్నాడు. ఆ రెండు మాటలకి ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. "ముడతలు పడిందండీ, ఇస్త్రీ చేసి ఇస్తానుండండి" అని లాక్కుపోయి, గబగబా వెనక కుట్టు విప్పి, కాస్త అంచువైపు జరిపి కుట్టి, పాత కుట్టు జాడ పైకి కనపడకుండా ఆవిరి పట్టి గోరుతో రుద్ది ఇచ్చింది. గుండీ పట్టింది. ఆయన అద్దంలో చూసుకుని నవ్వాడు. తల్లి పోయాక అదే మొదటి నవ్వు.

ఆ నవ్వు కోసం మరుసటేడూ విప్పింది. ఆ తర్వాతి ఏడూ విప్పింది. యూనిఫాం ప్యాంట్లతో చిక్కు లేదు, ఏటా కొత్తవి కొలత చూసి తానే కుట్టేది. బెల్టుల దగ్గరే తెలివి చూపించాల్సి వచ్చింది. ఆయనకి మూడో కన్నం అలవాటు. అందుకని ప్రతిసారీ పొడుగు బెల్టు కొని, ఆయన చూడకుండా కన్నాలు తానే పొడిచి, మూడోదే పట్టేలా చూసేది. భర్తని ఇంత ముద్దుగా మోసం చేసిన ఇల్లాలు ఇంకొకరుండరు.

ఇలా ఉండగా బస్సు డిపోలో ఆరోగ్య పరీక్షలు పెట్టారు. డ్రైవర్లందరి వేళ్ళకీ సూదులు గుచ్చి, చేతులకి పట్టీలు బిగించి చూశారు. మన డ్రైవరుకి షుగరు ఎక్కువ, బీపీ ఎక్కువ, రక్తంలో కొవ్వు కూడా ఎక్కువే అని చీటీ వచ్చింది. ఇంటివాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి కలవమంది డాక్టరమ్మ.

ఆ రోజు ఆయన పెళ్ళి ప్యాంటు వేసుకుని బయల్దేరాడు.

"పెళ్ళిరోజు కాదు కదండీ" అంది ఆవిడ, వెనక కుట్టు వైపు చూస్తూ.

"సాక్ష్యం మాస్టారూ, సాక్ష్యం! వాళ్ళ మిషను తప్పు చూపించింది. నన్ను చూశాక ఆవిడే ఒప్పుకుంటుంది."

డాక్టరమ్మ చిన్న వయసుది, నిదానస్తురాలు. ఆయన్ని నిలబెట్టి, బొడ్డు చుట్టూ టేపు పెట్టి, "నలభై ఉందండీ" అని వరసలో నిలబడ్డ డ్రైవర్లందరికీ వినపడేటట్టే చెప్పింది. దర్జీ అక్కకి ఆ పద్ధతి మొరటుగా తోచింది.

ఆయన పకపకా నవ్వాడు. "ముప్పై రెండు డాక్టరుగారూ! ఈ ప్యాంటు మా పెళ్ళినాటిది. అప్పట్నుంచీ ఇదే తొడుగుతున్నాను. కావాలంటే మా ఆవిడనడగండి. ఈ చుట్టుపక్కల వాళ్ళందరి నడుములూ ఈవిడ చేతి మీదుగా పోయినవే."

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. ఆయనా తిరిగాడు, ముఖమంతా వెలిగిపోతూ. నిజం చెప్పాలంటే ఇంతమందిలో ఆయన్ని తలదించుకునేలా చేయాలి. ఇన్నేళ్ళ చెయ్యి అలవాటు నోటికి కూడా వచ్చేసింది.

"టేపుల్లో తేడాలుంటాయండీ" అంది నేల చూస్తూ.

"ఉంటాయేమో" అంది డాక్టరమ్మ, ఆవిడ ముఖం వైపు కాసేపు చూసి. "రక్త పరీక్షలో ఇంత తేడా రాదమ్మా." తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయనతో మెల్లగా చెప్పింది. "ఇవి ఇంకొకరి నుంచి అంటుకునే జబ్బులు కాదు. మనం కూర్చునే కుర్చీలోంచి, తినే కంచంలోంచి, జేబులో సిగరెట్టు పెట్టెలోంచి వస్తాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు. అందుకే ఎవరూ నమ్మరు. గుండెకో, మెదడుకో, కళ్ళకో, కిడ్నీలకో దెబ్బ తగిలాక నమ్మినా ఏం లాభం? మీ వెనక బస్సునిండా జనం ఉంటారు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?"

"ఉక్కు కాళ్ళండీ!" అన్నాడాయన.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. సిగరెట్టు మానమంది, ఉప్పూ తీపీ తగ్గించమంది, రోజూ నడవమంది. లేస్తుంటే "అమ్మా, మీరూ ఓసారి పరీక్ష చేయించుకోండి. మీదీ రోజంతా కూర్చునే పనే కదా" అంది.

"నాకేమిటండీ, నేను బాగానే ఉన్నాను" అంది దర్జీ అక్క, కంగారుగా చెప్పులు తొడుక్కుంటూ.

బయటికి రాగానే ఆయన రెండు టీలు చెప్పాడు, పంచదార దండిగా వేయించి. డిపోలో కనపడ్డ కండక్టరుని ఆపి మరీ చెప్పాడు. "మీ వదిన ఒక్క మాటతో తేల్చేసిందిరా. డాక్టరమ్మకి మారుమాట లేదు!" కండక్టరు "వదిన మాటంటే మాటే" అన్నాడు. దర్జీ అక్క చేతిలో టీ చల్లారిపోయింది. ఇంటికెళ్ళాక మాత్రలు బీరువా మీద సూట్‌కేసు వెనక్కి పోయాయి. ఆవిడ రెండుమూడుసార్లు తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. "నువ్వే సాక్ష్యం చెప్పి నువ్వే మాత్రలిస్తే ఎలా?" అని ఆయన మళ్ళీ సూట్‌కేసు వెనక్కే పంపాడు.

ఒక సాయంత్రం ఆవిడ బల్ల మీద వంగి కోటు గుడ్డ కత్తిరిస్తోంది. ఆయన డ్యూటీ దిగి వచ్చి, చొక్కా మార్చుకుని, చెప్పుల్లేకుండా కొట్లో అటూ ఇటూ తిరుగుతూ బస్సులో జరిగిన కబుర్లు చెబుతున్నాడు. ముసలమ్మ దిగాల్సిన చోటు మర్చిపోయి తననే తిట్టిందట. ఆవిడ నవ్వుతూ సుద్ద ముక్క కోసం కిందికి చూసింది. నేల మీద ఎర్రటి చుక్క. దాని పక్కన ఇంకోటి. చుక్కలు అద్దం దగ్గర మొదలై, బల్ల చుట్టూ తిరిగి, ఆయన నిలబడ్డ చోట ఆగాయి.

"కాలెత్తండి" అంది.

ఎత్తాడు. మడమలో ఆవిడ గుండుసూది తలదాకా దిగి ఉంది.

"అరె! ఎప్పుడు గుచ్చుకుందో! చూశావా, ఉక్కు కాళ్ళని ఊరికే అన్నానా?" అని ఆయన సంబరపడిపోయాడు.

ఈ ఇంట్లో సూది గుచ్చుకోవడం కొత్తేం కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఇంతకన్నా చిన్న సూది గుచ్చుకుంటే ఆయన పెట్టిన కేకకి వీధంతా పోగయింది. ఎదురింటివాళ్ళు పాము కరిచిందనుకున్నారు. ఆ తర్వాత ఆయన రెండ్రోజులు గోడ పట్టుకుని నడిచాడు. అప్పట్నుంచే ఆవిడ రోజూ పొద్దున ఆయన బూట్లు దులిపి పెట్టడం. అలాంటి మనిషి ఇవాళ సూది మీద నిలబడి ముసలమ్మ కబుర్లు చెబుతున్నాడు. ఆ పాత కేక కోసం ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. కాళ్ళ తిమ్మిరి గురించి డాక్టరమ్మ అడిగిన మాట చెవిలో మోగింది.

సూది తీసింది. కడిగింది. కట్టు కట్టింది. తర్వాత లోపలికెళ్ళి పెళ్ళి ప్యాంటు తెచ్చి, లోపలి వైపు పైకి తిప్పి, ఆయన ఒళ్ళో పరిచింది.

"ఇదెందుకిప్పుడు?"

"వెనక కుట్టు చూడండి."

"కుట్టే కదా."

"పక్కన మడత గీత ఉంది చూడండి. అది మొదటి కుట్టు. దీని పక్కది ఆ తర్వాతది. ఇది ఇంకా తర్వాతది." ఆవిడ వేలు గీత మీంచి గీత మీదికి జరిగింది. తెగిన దారం ముక్కలు ఒక్కో గీతలో ఒక్కో ఛాయలో ఇరుక్కుని ఉన్నాయి. "పక్కల కూడా అంతే. ఇక విప్పడానికి లోపల గుడ్డ లేదండీ. అంచుదాకా వచ్చేశాను."

రెండు లారీల మధ్య సందులోంచి బస్సుని గీత పడకుండా తీసుకుపోయే మనిషికి ఆ గీతలు అర్థం కాకుండా ఉంటాయా? ప్యాంటుని వెలుగువైపు తిప్పి వాటిని లెక్కపెట్టాడు.

"డాక్టరమ్మ ముందు సాక్ష్యం చెప్పావు" అన్నాడు చివరికి.

"చెప్పాను."

"నేను డిపో అంతా చెప్పుకున్నానే!"

"తెలుసండీ."

"ఎందుకు చేశావిలా?"

ఆవిడ మొదటి గీత మీద వేలు పెట్టి, అత్తగారు పోయిన ఏడాది సంగతి చెప్పింది. మంచం అంచున ఆయన అన్న ఆ రెండు మాటలూ చెప్పింది. ఆయన వింటూ ఆ గీతని తానూ ఒకసారి తడిమి చూశాడు. ముఖం మెత్తబడినట్టే అయి, మళ్ళీ బిగుసుకుపోయింది. ప్యాంటు పక్కన పెట్టి, కట్టు కాలితోనే వెళ్ళి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒక్కమాట చెప్పుంటే నాలుగు టీలు మానేవాణ్ణి కదా" అన్నాడు వీధి వైపు చూస్తూ. "నేను పోయాక కూడా ఆ ప్యాంటే తొడిగించి, ముప్పై రెండే అని చెబుదామనుకున్నావా?"

ఆ మాటతో దర్జీ అక్క భోరుమంది. గుడ్డ పరిచిన బల్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఆయన చూశాడు కానీ, ఇలా ఏడవడం ఎన్నడూ చూడలేదు. కోపం ఎటుపోయిందో, కుంటుకుంటూ లేచొచ్చాడు. భుజం మీద తట్టాడు, నీళ్ళు తెచ్చాడు, సగం తానే ఒలకబోశాడు. "ఊరుకో మాస్టారూ, ఊరుకో. గుడ్డ తడిసిపోతుంది, కోటు వాళ్ళేమంటారు? ఇంతకీ ఆ మాత్రలెక్కడ పెట్టాను నేను?"

"సూట్‌కేసు వెనక" అంది ఆవిడ ఎక్కిళ్ళ మధ్య.

మర్నాడు ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికెళ్ళారు. దర్జీ అక్క తలొంచుకుని, "ఆ రోజు మీ టేపే సరైందండీ" అంది. డాక్టరమ్మ మడమ చూసి, ముందు కాళ్ళ సంగతి చెప్పింది. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇకమీదట పోకుండా కాపాడుకోవాలి. కళ్ళు మాత్రం ఇంకా చెడలేదు. ఆయన మొదటిసారి నోరెత్తకుండా విన్నాడు.

అక్కడితో ఆయన బుద్ధిమంతుడైపోయాడని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఉప్పు తగ్గిన కూర నోట్లో పెట్టుకుని, ఎవరో పోయినట్టు ముఖం పెట్టేవాడు. పంచదార లేని టీని టీ అనడానికే ఒప్పుకోలేదు. సిగరెట్టు మానిన కొత్తలో డిపోలో ప్రతివాడితోనూ తగువే. కండక్టరు వచ్చి "వదినా, మళ్ళీ కాల్చమను, మేం బతకలేకపోతున్నాం" అని మొత్తుకున్నాడు. చేతివేళ్ళు ఊరుకోవడం లేదంటే, ఆవిడ సిగరెట్టు పెట్టె ఉండే జేబులో ఒక పెద్ద కోటు గుండీ వేసింది. తాగాలనిపించినప్పుడల్లా దాన్ని తిప్పుకుంటూ ఉండేవాడు. ఒకట్రెండుసార్లు ఆ జేబు పొగ వాసన కొట్టింది. ఆవిడ ఈసారి ఊరుకోలేదు, వీధి వినేలా అడిగేసింది. కాలి గాయం మానాక డ్యూటీకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు, దారి పొడవునా ఎదురైన ప్రతి బస్సునీ ఈర్ష్యగా చూసుకుంటూ. రోజూ సాయంత్రం ఆయన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, గుడ్డలో సూదులు మిగిలాయేమో తడిమినట్టు, పాదాలంతా అరచేత్తో తడిమి చూసేది ఆవిడ. "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" కొన్నిచోట్ల తెలిసేది, కొన్నిచోట్ల తెలిసేది కాదు. తెలియని చోట ఆవిడ చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉండేది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున కొట్టు కిటకిటలాడుతోంది. బెంచీ నిండా ఆడవాళ్ళు, అద్దం ముందు ఒక లాయరుగారు. ఉన్నట్టుండి తెర పక్కకి జరిగింది. ఆయన వచ్చి, లాయరుగారిని మర్యాదగా పక్కకి జరిపి, అద్దం ముందు చేతులెత్తి నిలబడ్డాడు.

"కొలవండి మాస్టారూ."

"ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే."

ఆవిడ మెళ్ళోంచి టేపు తీసి, బొడ్డు చుట్టూ తిప్పి, గోరుతో అంకె నొక్కిపట్టింది. ఒక్క చూపు చూసింది.

"ఎంత?"

"మీకు సరిపోయేటంత" అని అలవాటుగా జారిపోయింది నోరు.

"ఆ మాట నాకు పనికిరాదు. పైకి చెప్పు."

బెంచీ మీది ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆవిడ నోట అలాంటి అంకె ఒక్కటీ రాలేదు. ఆయన అద్దంలోంచి ఆవిడ కళ్ళల్లోకే చూస్తూ నిలబడ్డాడు, గుటక మింగుతూ. భయం ఆయనకీ ఉందని అప్పుడు తెలిసింది ఆవిడకి.

"ముప్పై ఎనిమిది" అంది.

"వినపడలేదు."

"ముప్పై ఎనిమిది!"

ఆయన చేతులు దించి గట్టిగా ఊపిరి వదిలాడు. ముప్పై రెండు అని అరిచిన రోజుల్లో కూడా ఆయన ముఖం ఇంత నిండుగా లేదు. "నలభై నుంచి ముప్పై ఎనిమిది" అని బెంచీ వాళ్ళకి చెప్పాడు. "నిజం కొలత!" లాయరుగారు మెల్లగా తన పొట్ట లోపలికి లాక్కున్నారు.

ఆవిడ కళ్ళొత్తుకుని టేపు చుట్టబోతుంటే ఆయన చెయ్యి చాపాడు. "అదిలా ఇవ్వు. ఇప్పుడు నీ వంతు."

"నాకెందుకండీ? నేను బాగానే..."

"నేనూ అదే అన్నాను."

వీధి వీధంతటికీ కొలతలు తీసిన ఆవిడ నడుము చుట్టూ ఇంతవరకూ ఎవరూ టేపు పెట్టలేదు. తన బట్టలు పాత జాకెట్టు పెట్టి, ఏడాదికింత కళ్ళు మూసుకుని పెంచి కత్తిరించుకునేది. ఆయన టేపుని తలకిందులుగా పట్టుకుని, మలుపు తిప్పుతున్న స్టీరింగులా రెండు చేతులా తిప్పి చుట్టాడు. ఆ చేతులు ఎంత దూరం తిరిగి వచ్చాయో, అంకె చూడకుండానే ఆవిడకి తెలిసిపోయింది.

"మెల్లగా చెప్పండి" అని గొణిగింది.

"మనింట్లో మెల్లగా చెప్పుకోవడం అయిపోయింది" అన్నాడాయన. అని, మెడ వంచి, తలకిందులుగా ఉన్న అంకెను కష్టపడి చదువుకుని, బెంచీ చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా పైకి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

"రేపు పొద్దున డాక్టరమ్మ దగ్గరికి. ఇద్దరి పేర్లూ రాయించాను. నడిచే వెళ్తున్నాం."

ఆవిడ టేపు తీసుకుని మెళ్ళో వేసుకుంది. లాయరుగారి కొలతలకి తిరిగింది.

మర్నాడు పొద్దున ఆవిడ కొట్టు తాళం వేసి వచ్చేసరికి ఆయన గుమ్మంలో వంగి ఉన్నాడు. ఆవిడ చెప్పులు రెండూ చేతిలోకి తీసుకుని, సూదులేమైనా ఉన్నాయేమోనని ఒకటికి రెండుసార్లు దులిపి, లోపల వేలు పెట్టి తడిమి చూసి, ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు.